మా పెరటి ప్లాస్టిక్ గడ్డిలో రబ్బరు గింజలు మాయమైన సంగతి

నా పేరు ముహయ్యో రహ్మోన్‌కులోవా. వయసు డెబ్బై ఒకటి. నివాసం మర్గిలాన్ పట్టణం, తుత్‌జార్ మహల్లా, మూడో సందు చివర నీలం గేటు ఇల్లు. బడిలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. భర్త లేరు. ఇంతకుముందు ఠాణా మెట్లెక్కింది రెండుసార్లే, అదీ నా విద్యార్థులను విడిపించుకోవడానికి. అవి లెక్కలోకి రావని ఈ ఠాణా కెప్టెన్ గారు అన్నారు. ఆ ఇద్దరిలో ఒకరు ఆయనే కాబట్టి నేను వాదించలేదు.

ఈ వాంగ్మూలం నా చేత్తో నేనే రాస్తున్నాను. నేను చెబుతుంటే తాను రాసుకుంటానని కెప్టెన్ ఎల్యార్ సొబిరోవ్ గారు అన్నారు. ఆయన దస్తూరీ నాకు తొమ్మిదో తరగతి నుంచి తెలుసు. కాగితాలూ కలమూ ఇటిమ్మన్నాను.

ఈ రోజు మంగళవారం, ఏప్రిల్ ఇరవై తొమ్మిది. ఇప్పుడు ఉదయం తొమ్మిదిన్నర. ఉస్తా అని అందరూ పిలిచే మేస్త్రీ తోల్కిన్ నిన్న సాయంత్రం నుంచి ఈ ఠాణాలో ఉన్నాడు. నా పెద్దకొడుకు జఫర్ ఇచ్చిన ఫిర్యాదు మీద ఉన్నాడు. మా పెరట్లో వేసిన ప్లాస్టిక్ గడ్డి నుంచి రబ్బరు గింజలు దొంగిలించాడని ఫిర్యాదు. మధ్యాహ్నం పన్నెండింటికి కాగితాలు నగర పోలీసు విభాగానికి వెళ్ళిపోతాయనీ, వెళ్ళాక ఫిర్యాదుదారుడు వద్దన్నా కేసు ఆగదనీ కెప్టెన్ గారు చెప్పారు.

ఉస్తా తోల్కిన్ దొంగిలించలేదు. ఆ సంగతి నాకు ఈ తెల్లవారుజామున తెలిసింది. దేవుడి దయవల్ల పన్నెండు కాకముందే తెలిసింది. ఎలా తెలిసిందో వరుసగా రాస్తాను.

జఫర్ వయసు నలభై నాలుగు. బజారులో చెప్పుల దుకాణం. చిన్నప్పుడు రోజంతా బంతి ఆడేవాడు. ఇప్పుడు ఆ బంతి వాడి చొక్కా లోపల ఉంది. దాన్ని కరిగించుకోవాలని పెరట్లో చిన్న ఫుట్‌బాల్ మైదానం వేయిస్తానన్నాడు. పెరట్లో ద్రాక్ష పందిరి దాటాక నా ఉల్లిమడి ఉండేది. మార్చిలో దాన్ని తవ్వేశారు. కంకర పోసి, దిమ్మిస కొట్టి, చదును చేశారు. తరువాత ఉస్తా తోల్కిన్ ఆకుపచ్చ చుట్టలు తెచ్చి పరిచాడు, అతుకులు అంటించాడు. మనిషికి ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. పని చేసేటప్పుడు మాట్లాడడు. నా ఇంట్లో అలాంటివాళ్ళు తక్కువ కాబట్టి గుర్తుంది.

ఏప్రిల్ పదహారు, బుధవారం, పని పూర్తయింది. జఫర్ నన్ను చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకువెళ్ళాడు.

"చూశావా అమ్మా, ఎంత పచ్చగా ఉందో!"

"నా ఉల్లిమడీ పచ్చగానే ఉండేది. పైగా తినడానికి పనికొచ్చేది."

"దీనికి నీళ్ళు పొయ్యక్కర్లేదు."

"శవానికీ పొయ్యక్కర్లేదు."

ఉస్తా తోల్కిన్ ఆ సమయంలో గడ్డి మీద ముందు సన్నటి ఇసుక, దాని మీద నల్లటి రబ్బరు గింజలు చల్లుతున్నాడు. ఆవగింజకంటే కొంచెం పెద్దవి. పన్నెండు బస్తాలు తెచ్చాడు. పన్నెండూ విప్పాడు, పన్నెండూ చల్లాడు. నేను పందిరి కింద కూర్చుని కళ్ళారా చూశాను. గడ్డి కొని దాన్ని మళ్ళీ పూడ్చిపెట్టడం ఎందుకని అడిగాను.

"ఇది లేకపోతే గడ్డి నిలబడదమ్మా, పడుకుంటుంది," అన్నాడు. "ఇప్పుడు పైపైనే కనబడుతుంది. ఒక పది రోజులు ఆడుతూ తొక్కితే తనే లోపలికి దిగిపోతుంది."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా కాళ్ళకంటుకుంటుందండి. ఏం చెయ్యలేం."

ఇదే మాట జఫర్‌కూ చెప్పాడు. జఫర్ ఫోనులో స్నేహితులను ఆటకు పిలుస్తున్నాడు. తలూపాడు. ఫోనుకు ఊపాడో ఉస్తాకు ఊపాడో నేను సాక్ష్యం చెప్పలేను.

ఆ సాయంత్రం జఫర్ స్నేహితులు వచ్చి ఆడారు, తిన్నారు. తెల్ల మేజోళ్ళతో వచ్చినవాళ్ళు నల్ల మేజోళ్ళతో వెళ్ళారు. అతిథుల గదిలో పరుపుల మీద నిండా నల్లగింజలు. నా టీ కప్పులో కూడా ఒకటి తేలింది.

తరువాత పది రోజులు ఎవరూ ఆడలేదు. జఫర్‌కు మొదటి రోజే నడుం పట్టేసింది.

ఇరవై ఆరు, శనివారం, మధ్యాహ్నం మళ్ళీ స్నేహితులను పిలిచాడు. బంతి దొర్లలేదు. గడ్డి అంతా ఒకవైపు పడుకుని ఉంది. అతుకులు పాపిడి తీసినట్టు కనబడుతున్నాయి. ఐబెక్ అనే వాడి స్నేహితుడు గేటు దాకా వినబడేలా అన్నాడు:

"ఒరే జఫర్, నీ గడ్డికి కూడా బట్టతల వచ్చిందేరా!"

జఫర్ మోకాళ్ళ మీద కూర్చుని గడ్డిలోకి వేళ్ళు పెట్టి చూశాడు. అడుగున ఇసుక తగిలింది. రబ్బరు లేదు. ఏదో ఒక మూల కొంచెం ఉంది, మిగతా చోటల్లా ఒక్క గింజ లేదు. అప్పటికి ఉస్తా తోల్కిన్ మా పక్క సందులో పిల్లల బడి ఆవరణలో అలాంటి గడ్డే వేస్తున్నాడు. అక్కడ అలాంటి నల్ల బస్తాలే ఉన్నాయి. జఫర్ అవి చూసి వచ్చాడు. నా కొడుకు చెప్పుల లెక్కలో చురుకైనవాడు. అక్కడ ఉన్నాయి, ఇక్కడ లేవు అని రెండూ కలిపేశాడు.

ఆదివారం పొద్దున ఉస్తాను పిలిపించాడు. గేటు దగ్గరే మొదలుపెట్టాడు, ఇరుగుపొరుగు అందరూ వినేలా.

"మా గింజలు ఎక్కడ ఉస్తా?"

"మీ గడ్డిలో ఉన్నాయన్నా."

"లేవు."

"ఉంటాయన్నా. నేనే పోశాను. అమ్మగారు చూశారు."

లోపలికి వచ్చి తనూ మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి పాయలు తీసి చూశాడు. ఇంకోచోట చూశాడు. మరోచోట చూశాడు. ముఖం పాలిపోయింది.

"నేను పోసిన మాట నిజం," అన్నాడు. "ఇప్పుడు లేని మాటా నిజమే. నాకేం అర్థం కావడం లేదన్నా. కొత్త బస్తాలు తెచ్చి మళ్ళీ పోస్తాను, మీరేం ఇవ్వక్కర్లేదు."

"విన్నావా అమ్మా? తియ్యనివాడు తిరిగి ఎందుకు పోస్తానంటాడు?"

"పరువున్నవాడు కాబట్టి," అన్నాను. పన్నెండు బస్తాలూ చల్లడం చూశానని చెప్పాను. నేను ఆ సాయంత్రం కునుకు తీశాననీ, అప్పుడు తిరిగి ఎత్తుకుని వ్యానులో వేసుకుపోయి ఉంటాడనీ జఫర్ అన్నాడు. కునుకు తీసిన మాట నిజమే.

ఆ మాట మధ్యాహ్నానికి పక్క సందు చేరింది. పిల్లల బడి హెడ్మిస్ట్రెస్, సంగతి తేలేదాకా పని ఆపమంది. సోమవారం జఫర్ ఇక్కడికి వచ్చి ఫిర్యాదు ఇచ్చాడు. నన్ను అడగలేదు. సాయంత్రం ఐదింటికి ఉస్తాను బజారులో అందరి ముందూ జీపు ఎక్కించారు.

ఆరింటికి ఉస్తా భార్య మా గేటు దగ్గరకు వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. పని ముగిసిన రోజు వాళ్ళింటికి నేను పులావు పంపిన గిన్నె నా చేతికి ఇచ్చి వెళ్ళిపోయింది. మా వైపు గిన్నె ఖాళీగా తిరిగి రాదు. నాలుగు కిస్‌మిస్ పళ్ళయినా వేసి పంపుతారు. ఆ గిన్నె ఖాళీగా వచ్చింది. కడిగి, తుడిచి, ఖాళీగా.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

ఇప్పుడు నా చిన్నకోడలు నఫోసత్ గురించి రాయాలి. చిన్నకొడుకు ఉమిద్ భార్య. రంజాన్‌కు ముందు పెళ్ళయింది. ఉమిద్ తాష్కెంట్‌లో రైల్వే ఉద్యోగి. ఆదివారాలు వచ్చి నిద్రపోతాడు. నఫోసత్‌ది రిష్తాన్. మెల్లగా మాట్లాడుతుంది, చాలా కొంచెం మాట్లాడుతుంది. ఇరవై ఆరు పొద్దున పుట్టింటికి వెళ్ళి, నిన్న రాత్రి భోజనాల వేళకు తిరిగి వచ్చింది. అంటే ఈ గొడవంతా ఆమె లేనప్పుడు జరిగింది. వచ్చాక కూడా ఎవరూ చెప్పలేదు. కొత్త కోడలి ముందు ఇంటి రచ్చ మాట్లాడడం మర్యాద కాదని అందరం టీ గురించి మాట్లాడాము.

మరొకటి. కెప్టెన్ గారికి తెలిసిన విషయమే, కానీ ఈ కాగితం చదివే పై అధికారులు ఏ అపార్ట్‌మెంట్లలో పెరిగారో ఏమో, అందుకని రాస్తున్నాను. మా మహల్లాలో కొత్త కోడలు అందరికంటే ముందు లేచి, నీళ్ళు చల్లి, వీధి గుమ్మం నుంచి పెరటి గోడ దాకా ఊడుస్తుంది. ఇంట్లోవాళ్ళు కళ్ళు తెరిచేసరికి పని అయిపోవాలి. ఎవరి కంటా పడకుండా చేసిందంటే మంచి కోడలు. తెల్లవారుజామున సందంతా చీపుర్ల చప్పుడే. ఆ చప్పుడు వినగానే నేను అటు తిరిగి హాయిగా మళ్ళీ పడుకుంటాను. నేనే కాదు, ఈ పట్టణంలో అత్తలందరూ అంతే.

ఈ రోజు మెలకువగా ఉన్నాను కాబట్టి విన్నాను. ఐదు కావస్తోంది. చీపురు చప్పుడు ముందువైపు నుంచి రావడం లేదు. పందిరి అవతల నుంచి వస్తోంది.

వెళ్ళి చూశాను. నఫోసత్ ప్లాస్టిక్ గడ్డి మీద గొంతుక్కూర్చుని ఉంది. పక్కన నీళ్ళ బకెట్టు. చేత్తో నీళ్ళు చిలకరిస్తోంది, పొట్టి చీపురుతో అంగుళం అంగుళం ఊడుస్తోంది. చీపురుకు రాని గింజలను వేళ్ళతో ఏరి చేటలో వేస్తోంది.

"నఫోసత్! ఏం చేస్తున్నావమ్మా?"

గభాలున లేచి, చేతులు గుండెకానించి వంగి సలాం చేసింది.

"ఈ మూల ఒక్కటే మిగిలిపోయిందత్తయ్యా. పుట్టింటికి వెళ్ళాను కదండీ, ఆలస్యమైంది. ఇవాళ్టితో అయిపోతుంది."

"ఏమిటి అయ్యేది?"

"చెత్తండి."

మెచ్చుకుంటారన్న ఆశ లోపల ఉండి, అది పైకి కనబడకూడదని కూడా తెలిసిన ముఖంతో చేట నాకు చూపించింది.

"ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నావు?"

"మేస్త్రీలు వెళ్ళిన మర్నాటి నుంచండి. మొదట్లో ఎంత ఉందో అత్తయ్యా! అంత పనీ చేసి, అంత చెత్తా ఎక్కడిదక్కడ వదిలేసి వెళ్ళిపోయారు. నేనెవరికీ చెప్పలేదండి. పాపం, బావగారికి తెలిస్తే ఆ ఉస్తాకు మాటొస్తుందని."

ఈ వాక్యాన్ని కెప్టెన్ గారు రెండుసార్లు చదవాలని మనవి. ఉస్తాకు మాట రాకూడదని ఆమె ఎవరికీ చెప్పలేదు.

"ఎత్తమని నీకెవరు చెప్పారు?"

"బావగారేనండి. ఆ రోజు రాత్రి."

అప్పుడు నాకు జ్ఞాపకం వచ్చింది. పదహారో తేదీ రాత్రి స్నేహితులు వెళ్ళాక జఫర్ వసారాలో నిలబడి మేజోళ్ళు దులుపుకుంటూ, ఎవరివైపూ చూడకుండా అన్నాడు: "ఈ నల్ల చెత్తేమిటి ఇల్లంతా! దీన్ని ఎవరైనా ఎత్తండి." అక్కడ నేనున్నాను. నేను ఎత్తను. టీ పాత్ర పట్టుకుని నఫోసత్ ఉంది. బావగారికి ఎదురు ప్రశ్న వేసే కోడలు మా సందులో ఇంకా పుట్టలేదు.

"ఎత్తినదంతా ఎక్కడ పారేశావు?"

"పారెయ్యలేదండి. తందూరులో మంటకు పనికొస్తుందేమోనని కట్టెల కొట్లో పెట్టాను. శుక్రవారం ఒక గుప్పెడు వేసి చూశాను. కంపు కొట్టింది. మళ్ళీ వెయ్యలేదండి."

శుక్రవారం రొట్టెలో గంధకం వాసన వస్తోందని నేను అన్నాను. ముసలిదానికి ముక్కు పాడైందని జఫర్ అన్నాడు. ఇది కేసుకు సంబంధం లేదు. అయినా రాశాను.

కట్టెల కొట్టు తలుపు తీశాను. ఉల్లిపాయల సంచుల్లో నింపి, మూతులు కట్టి, గోడకు వరసగా పేర్చి ఉన్నాయి. పెళ్ళిలో వచ్చిన పట్టుగుడ్డ అంచులు చింపి మూతులకు కట్టింది. మొత్తం పదకొండు సంచులు. పన్నెండోది సగం నిండి ఉంది.

నేను కట్టెల మీద కూర్చుని నవ్వాను. ఆగడం నా చేతుల్లో లేదు. నఫోసత్ భయపడి నీళ్ళు తెచ్చింది. తాగాక, రబ్బరు అంటే ఏమిటో, ఉస్తా ఎక్కడున్నాడో చెప్పాను. ఆమె చేటను నేల మీద పెట్టి, దాని పక్కనే కూలబడింది.

"నావల్ల ఒక మనిషి జైల్లో ఉన్నాడా అత్తయ్యా?"

"జైలు కాదు, ఠాణా. భోజనం వేళకు ఇంట్లో ఉంటాడు."

"నన్ను పుట్టింటికి పంపించేస్తారా?"

"నిన్ననే కదా వచ్చావు. ఊరికూరికే ఎందుకు పంపుతాం? ఈ ఇంట్లో ఇన్నేళ్ళలో చెప్పిన పని చెప్పినట్టు చేసిన మనిషివి నువ్వొక్కదానివే. నిన్ను వదులుకుంటానా?"

అప్పుడు ఏడ్చింది. ఏడవనిచ్చాను. మంచి ఏడుపే అది, ఎవరికీ నష్టం లేనిది.

ఐదున్నరకు జఫర్‌ను లేపాను.

"లే. దొంగ దొరికాడు."

"తోల్కిన్ ఒప్పుకున్నాడా?"

"తోల్కిన్ కాదు. ఫిర్యాదు ఇచ్చినవాడు."

బనీనుతోనే కట్టెల కొట్లోకి వచ్చాడు. ఒక సంచి విప్పి చెయ్యి పెట్టాడు. ఇంకో సంచి విప్పాడు. పదహారో తేదీ రాత్రి వాడన్న మాట వాడికి అప్పజెప్పాను, బడిలో సూత్రం అప్పజెప్పినట్టు.

"అన్నానేమో," అన్నాడు. "ఊరికే గాలిలోకి అని ఉంటాను."

"గాలికి చెవులు లేవు నాయనా. కోడలికి ఉన్నాయి."

మా జఫర్ చెడ్డవాడు కాదు. తొందరగా అరుస్తాడు, ఆలస్యంగా ఆలోచిస్తాడు. సంచి మీద కూర్చుని, విప్పిన రెండు మూతులూ తిరిగి కట్టాడు. తరువాత లేచి నఫోసత్ వైపు నేరుగా చూడకుండా, మర్యాద ప్రకారం తలుపుతో చెప్పినట్టు అన్నాడు: "తప్పు నాది. అమ్మాయికి చెప్పమ్మా."

"అమ్మాయి ఇక్కడే ఉంది. విన్నది," అన్నాను.

సంచులన్నీ వాడే మోసి కారులో వేశాడు. మోయనిచ్చాను, నడుముకు మంచిది. ఎనిమిదిన్నరకు ఇక్కడికి వచ్చాము.

కెప్టెన్ గారు మొదట నఫోసత్‌ను కూడా ఠాణాకు తీసుకురమ్మన్నారు. తీసుకురాను. కొత్త కోడలు ఠాణా గుమ్మం తొక్కిందన్న మాట సాయంత్రానికి రిష్తాన్ చేరుతుంది, దారిలో ఆమె ఎవరినో పొడిచినట్టు కూడా మారుతుంది. ఆమెను అడగవలసింది ఉంటే కెప్టెన్ గారు మా ఇంటికి వచ్చి, టీ తాగి, నా ఎదుట అడగవచ్చు. సమోసాలు కూడా ఉంటాయి.

"ఆవిడ మీద రాయడానికి నేరమేం లేదులెండి టీచరమ్మా," అన్నారు ఆయన.

"అయితే అతని మీదా లేదుగా. వదిలిపెట్టు."

"సంచులు పరిశీలించాలి కదండీ."

ఉస్తాను పిలిపించారు. ఒక రాత్రిలో మనిషి గడ్డం మాసిపోయింది. ఒక సంచి విప్పి, గింజలు అరచేతిలో పోసుకుని చూశాడు.

"నావే," అన్నాడు. తరువాత, "తడిగా ఉన్నాయేమిటి?" అన్నాడు.

"నీళ్ళు చల్లి ఊడ్చింది, మా చిన్నకోడలు," అన్నాను.

అతను నన్ను చూశాడు, జఫర్‌ను చూశాడు. విషయం తలకెక్కడానికి కాసేపు పట్టింది. ఎక్కాక నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఊరంతా వేశానమ్మా ఈ గడ్డి. ఎండ గురించి చెబుతాను, మంచు గురించి చెబుతాను, కుక్కల గురించి చెబుతాను. కోడళ్ళ గురించి చెప్పాలని తట్టలేదు. ఇకమీద పని అయ్యాక మగవాళ్ళతో మాట్లాడను. చీపురు ఎవరి చేతిలో ఉంటుందో వాళ్ళనే పిలిచి చెబుతాను."

జఫర్ లేచి, గుండె మీద చెయ్యి పెట్టుకుని అతని ముందు వంగాడు. బజారులో పట్టించాను కాబట్టి బజారులోనే క్షమాపణ చెబుతానన్నాడు. ఇక్కడి నుంచి నేరుగా పిల్లల బడి హెడ్మిస్ట్రెస్ దగ్గరకు వెళ్ళి పని తిరిగి ఇప్పిస్తానన్నాడు. నేను వెంట వెళ్తాను. వాడికి దారి తెలుసు, మాటలు తెలియవు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటూ వాడు రాసిన కాగితం దీనికి జత చేశాను. అందులో అక్షరదోషాలు దిద్దాను, విషయం మార్చలేదు.

ఉస్తా వాకిలి దాటేదాకా సంతకం పెట్టనని కెప్టెన్ గారితో చెప్పాను. అది పద్ధతి కాదన్నారు. పద్ధతి కాదని నాకూ తెలుసు. అతని బెల్టు, ఫోను, వ్యాను తాళాలు తిరిగి ఇచ్చారు. పదకొండు దాటి పది నిమిషాలకు ఉస్తా తోల్కిన్ బయటికి వెళ్ళాడు. అతని భార్య గేటు అవతల గోడ నీడలో నిలబడి ఉంది. నేను కిటికీ దగ్గర ఉన్నాను కాబట్టి చూశాను. ఆమె అతని చొక్కా కాలరు సరిచేసింది. తరువాత అతను వ్యాను మెట్టు మీద కూర్చుని బూట్లు విప్పి, ఒకదాని తరువాత ఒకటి బోర్లించి దులిపాడు. నల్లగింజలు రాలాయి. ఒక గుప్పెడు ఉంటాయి.

అవి మాత్రం మా పెరటివే అయి ఉండవచ్చు. వాటి విషయంలో నాకు ఫిర్యాదు ఏమీ లేదు.

పైన రాసినదంతా నేను చూసినదీ విన్నదీ. ఎవరి బలవంతమూ లేదు. అబద్ధం రాస్తే శిక్ష ఉంటుందని కెప్టెన్ గారు చదివి వినిపించారు. ఆయన చదివినదాంట్లో రెండు తప్పులు దిద్దాను. మొత్తం తిరిగి చదువుకున్నాను, సరిగానే ఉంది, సంతకం చేస్తున్నాను.

(సంతకం)
ముహయ్యో రహ్మోన్‌కులోవా